డెస్క్‌టాప్‌కి వైఫై: డాంగిల్ పెట్టినా నెట్ నిలవకపోతే

డాంగిల్ (డెస్క్‌టాప్‌కి వైఫై అందించే చిన్న యూఎస్‌బీ పరికరం) గుచ్చాక చుట్టుపక్కల నెట్‌వర్కు పేర్లు ఒక్కటీ కనిపించకపోతే చాలావరకు డ్రైవర్ (దాన్ని కంప్యూటర్ గుర్తించి నడపడానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్) లేనట్టే. ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో సీపీయూకి కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కేబుల్ ద్వారా కంప్యూటర్‌కి ఇవ్వడం) ఆన్ చేస్తే, ఆ నెట్‌తోనే డ్రైవర్ దించుకోవచ్చు. చార్జింగ్‌కే పనికొచ్చే చవక కేబుల్‌తో మాత్రం కుదరదు.

నాకు తగిలిన అసలు చిక్కు వేరు. వైఫై కలిసేది, ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ పెట్టగానే స్పీడు పడిపోయేది. యూఎస్‌బీ 3.0 పోర్టూ కేబులూ పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుట్టిస్తాయి. నేను వాడే వైఫైదీ అదే బ్యాండ్ (ఫ్రీక్వెన్సీ పట్టీ). పైగా డాంగిల్ క్యాబినెట్ వెనక, ఇనుప రేకు చాటున ఉంది. మీటరు పొడవు యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దాన్ని టేబుల్ మీదికి తెచ్చాక కుదురుకుంది. 2.0 గరిష్ఠ వేగం 480 ఎంబీపీఎస్, అసలు అందేది అంతకంటే తక్కువే. మామూలు ఇంటి ప్లానుకి అది చాలు.

రూటర్ అదే గదిలో ఉంటే 5 గిగాహెర్ట్జ్ మేలు. రెండు గోడలు దాటాలంటే 2.4 నయం; రూటర్ సెట్టింగ్స్‌లో ఛానెల్ 1, 6, 11లో రద్దీ తక్కువున్నది ఎంచుకోవాలి. డాంగిల్ డ్యూయల్ బ్యాండ్ (2.4, 5 రెండూ అందుకునేది) కాకపోతే 5 నెట్‌వర్కు అసలు కనబడదు, రూటర్‌ని తిట్టి లాభం లేదు.

కాసేపు వాడకపోతే తెగిపోతోందా? విండోస్ డివైస్ మేనేజర్‌లో ఆ వైఫై అడాప్టర్ (డాంగిల్) ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో మొదటి టిక్ (కరెంటు ఆదాకి కంప్యూటర్ ఈ పరికరాన్ని ఆపేయొచ్చు అనేది) తీసేయండి.