కళ్లల్లో మెరుపు లేని ఫోటో: లైటు ఎక్కడ తప్పిందో కంటినే అడగండి

"ఫోటో బాగానే ఉంది గానీ మొహంలో కళ లేదన్నా" అని కస్టమర్ అన్నాడంటే, ముందు కళ్లు చూడండి. చాలాసార్లు లోపం అక్కడే ఉంటుంది. నల్లగుడ్డు మీదుండే పారదర్శకమైన పొర, కార్నియా, తడిగా ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి చిన్న అద్దంలా పనిచేస్తుంది. ఎదురుగా ఏది వెలుగుతుంటే అది అందులో తెల్లగా మెరుస్తుంది. దాన్నే మనం క్యాచ్‌లైట్ అంటాం. అందుకే కెమెరాలో ఐఎస్‌ఓ, అపర్చర్ లాంటి సెట్టింగులు మార్చకముందే తీసిన ఫోటోను జూమ్ చేసి చూసుకోండి. మెరుపు ఉందా, ఎక్కడ పడింది, ఎంత పెద్దది, ఎన్ని ఉన్నాయి? జవాబులన్నీ లైటు ఉన్న చోటునే చూపిస్తాయి. కొత్త లెన్స్ కొనాల్సిన అవసరం దాదాపుగా రాదు.

మెరుపే లేదు, కళ్లు గుంటలు పడ్డట్టున్నాయి

వెలుతురు నెత్తిమీద నుంచి పడుతోంది. కనుబొమ్మల ఎముక దానికి అడ్డొచ్చి కంటి మీద నీడ వేస్తోంది. మన నెల్లూరు, ఒంగోలు వైపు ఏప్రిల్ చివరి నుంచి మే మొదటి వారం దాకా, మళ్లీ ఆగస్టు రెండో వారంలో, మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. పెళ్లిళ్లు కూడా ఆ రోజుల్లోనే ఎక్కువ. తలంబ్రాలయ్యాక జంటను ఎండలో నిలబెడితే ఎంత మంచి కెమెరా అయినా ఏం చేయలేదు.

వాళ్లను వసారాలోకి తీసుకురండి. అంచు నుంచి రెండు మూడు అడుగులు లోపల, మొహం బయటికి తిప్పి నిలబెట్టండి. ఇప్పుడు నెత్తిన కప్పు ఉంది, ఎదురుగా ఆకాశం ఉంది. ఆ ఆకాశమే కంట్లో పెద్ద మెరుపు అవుతుంది. ఎదురుగా ఎండ పడుతున్న సున్నపు గోడ ఉంటే ఇంకా మంచిది. మీరు మాత్రం సరిగ్గా ఎదురుగా నిలబడి ఆ వెలుతురుకి అడ్డం రాకండి, కాస్త పక్కకు జరగండి. కింద నేల కూడా చూసుకోండి. చీమకుర్తి నల్ల గ్రానైట్ పరిచిన ఇళ్లలో నేల నుంచి వెలుతురు పైకి రాదు. తెల్ల పంచె గానీ దుప్పటి గానీ పరిస్తే తేడా వెంటనే కనిపిస్తుంది. థర్మోకోల్ షీటు ఉంటే ఛాతీ కింద ఏటవాలుగా పట్టించండి. "గడ్డం కొంచెం పైకెత్తండి పెదనాన్నా" అన్న ఒక్క మాటతో సరిపోయే సందర్భాలూ ఉన్నాయి.

షామియానా కింద తీయాల్సి వస్తే మధ్యలో వద్దు. ఆ ఎరుపు, నీలం గుడ్డల రంగు మొహానికి అంటుకుంటుంది. అంచుకు తీసుకొచ్చి బయటికి చూడమనండి.

స్టూడియోలో ఇదే సమస్య వస్తే సాఫ్ట్‌బాక్స్ (వెలుతురును మెత్తబరిచే గుడ్డ పెట్టె) ఎత్తు ఎక్కువైందని అర్థం. పక్కకు 45 డిగ్రీల్లో, కంటికన్నా కొంచెం ఎత్తులో పెట్టి, మోడలింగ్ ల్యాంప్ (ఫ్లాష్‌లోనే ఉండి ఆగకుండా వెలిగే బల్బు) వేసి, మెరుపు కంట్లో కనిపించేదాకా స్టాండు దించుతూ రండి. నల్లగుడ్డును గడియారం అనుకుంటే మెరుపు పది దగ్గరో రెండు దగ్గరో ఉండాలి.

కంటిపాప మధ్యలో సూదిమొనంత చుక్క

కెమెరా మీది ఫ్లాష్ సూటిగా కొట్టింది. కంటిపాప, అంటే నల్లగుడ్డు మధ్యలోని రంధ్రం, ఎర్రగా వచ్చినా కారణం అదే. ఫ్లాష్ లెన్స్‌కి మరీ దగ్గరగా ఉండటంతో కంటి వెనక పొర, రెటీనా, మీది ఎరుపు తిరిగి లెన్స్‌లోకే వస్తుంది. ఫ్లాష్ తలను పక్కనున్న తెల్లగోడకు తిప్పండి. సీలింగుకు కొడితే వెలుతురు మెత్తబడుతుంది గానీ మళ్లీ పైనుంచే పడుతుంది కాబట్టి ఫ్లాష్ వెనక ఒక తెల్లకార్డు నిలబెట్టండి. కల్యాణ మండపాల్లో సీలింగు ఎత్తు, గోడలు రంగురంగులు. అక్కడ అసిస్టెంట్ చేతికి చిన్న సాఫ్ట్‌బాక్స్ ఇవ్వడమే దారి.

మెరుపు ఉంది, అయినా కళ్లు నల్లటి ముద్దలా ఉన్నాయి

ఇది మన మొహాలకు ప్రత్యేకంగా పట్టించుకోవాల్సిన సమస్య. మనలో ఎక్కువమందివి ముదురు గోధుమ రంగు కళ్లు. వెలుతురు చాలకపోతే ఆ రంగు కంటిపాప నలుపులో కలిసిపోతుంది. లేత రంగు కళ్లను దృష్టిలో పెట్టుకుని చెప్పిన లైటింగ్ పాఠాలను ఉన్నవున్నట్టు పాటిస్తే ఇక్కడే దెబ్బతింటాం.

కారణాలు రెండు. ఒకటి, గది చీకటి. కంటిపాప వెలుతురును బట్టి సుమారు 2 నుంచి 8 మిల్లీమీటర్ల దాకా మారుతుంది. స్టూడియో లైట్లన్నీ ఆర్పేసి ఫ్లాష్‌తో తీస్తే, పాప కుంచించుకునే లోపే ఫ్లాష్ వెలిగి ఆరిపోతుంది. ఫోటోలో విచ్చుకున్న నల్లటి పాపే మిగులుతుంది. గది లైట్లు, మోడలింగ్ ల్యాంప్ వెలిగే ఉంచండి. కళ్లు అలవాటు పడటానికి కొద్దిసేపు ఆగి తీయండి. పాప చిన్నదై గోధుమ రంగు బయటపడుతుంది.

రెండోది లైటు దిశ. పక్కనుంచి కార్నియాలోకి వెళ్లిన వెలుతురు అవతలి వైపు నల్లగుడ్డును వెలిగిస్తుంది. మెరుపు పది దగ్గర ఉంటే నాలుగు దగ్గర రంగు తేలుతుంది. లైటు మరీ ఎదురుగా ఉంటే ఆ లోతు రాదు. ఇంకాస్త పక్కకు జరపండి, దగ్గరికి కూడా తీసుకురండి. దూరం సగమైతే వెలుతురు సుమారు నాలుగింతలవుతుంది కాబట్టి పవర్ తగ్గించాలి. కంట్లో మెరుపూ పెద్దదవుతుంది. ఈ రెండూ చేసి చూస్తే "మా అమ్మాయి కళ్లు ఇంత బాగుంటాయా" అని తల్లే అడుగుతుంది. ఆ మాట కోసమే ఈ శ్రమంతా.

రెండు మూడు మెరుపులు

స్టేజీ మీద వీడియోవాళ్ల ఎల్‌ఈడీలు రెండువైపులా ఉంటే ఇలాగే వస్తుంది. చూపు ఎటుందో తెలియదు. పోర్ట్రెయిట్ వరకు ఒకటి ఆర్పమని మర్యాదగా అడగండి. నీడ ఎక్కువనిపిస్తే రెండో లైటు బదులు థర్మోకోల్ వాడండి.

మైపాడు బీచ్‌లో కళ్లు చికిలిస్తున్నారు

మన సముద్రం తూర్పున ఉంది. పొద్దెక్కాక సముద్రం వైపు తిప్పితే ఎవరైనా కళ్లు మూస్తారు. సూర్యుడు రాకముందు తూర్పుకు తిప్పండి. సాయంత్రమైతే సూర్యుణ్ని వీపు వెనక ఉంచి, సముద్రం మీది ఆకాశం కంట్లో పడేలా నిలబెట్టండి. పొద్దు గుంకాక మాత్రం పడమర ఆకాశమే ఎక్కువ వెలుగుతుంది, అటు తిప్పండి.

కళ్లజోడు మీద తెల్లటి పొర

లైటు కొంచెం పైకి, పక్కకు జరపండి. చెవుల దగ్గర జోడు కాడలు కాస్త పైకెత్తితే అద్దాలు కిందికి వాలతాయి, పొర పోతుంది. రోజూ పెట్టుకునేవాళ్లను జోడు తీయమనకండి, వాళ్లు వేరే మనిషిలా కనిపిస్తారు.

కళ్లు మరీ తెల్లగా, బొమ్మలా ఉన్నాయి

ఇది ఎడిటింగ్ తప్పు. తెల్లగుడ్డుకూ నీడ ఉంటుంది, సన్నని నరాలు ఉంటాయి. వాటిని పూర్తిగా తుడిచేయకండి. లేని మెరుపును అతికించకండి, మొహం మీది నీడ ఒక వైపు, మెరుపు ఇంకో వైపు పడి దొరికిపోతుంది. బ్రష్‌తో నల్లగుడ్డు వెలుగును మాత్రం కొద్దిగా పెంచి, ఆల్బమ్ సైజుకు తగ్గించి చూడండి. తెల్లగుడ్డు చొక్కా కాలర్ కన్నా తెల్లగా కనిపిస్తుంటే వెనక్కి తగ్గించండి.