వ్యాసాలు రాసి వెబ్‌సైటుకు కొనుగోలుదారులను రప్పించడం: పలాస జీడిపప్పు ఉదాహరణగా

పలాస, కాశీబుగ్గలలో జీడిపప్పు అమ్మేవారు సొంత వెబ్‌సైటు పెట్టుకోవడం ఇప్పుడు వింతేమీ కాదు. సైటు తెరిచి ఆరు నెలలైనా చుట్టాలూ స్నేహితులూ తప్ప మరెవరూ దానివైపు చూడకపోవడమే అసలు ఇబ్బంది. ప్రకటనలకు డబ్బు పెట్టినంత కాలం జనం వస్తారు. ఆపిన మర్నాటి నుంచి రారు. పాఠకులు ఇప్పటికే చదువుతున్న పత్రికకో వంటల సైటుకో పనికివచ్చే వ్యాసం రాసి ఇచ్చి, దాని చివర మన సైటు చిరునామా పెట్టించుకునే పద్ధతి నిదానంగా ఫలిస్తుంది గానీ, ఆ వ్యాసం అక్కడ ఉన్నన్నాళ్లూ మనకు మనుషులను పంపుతూనే ఉంటుంది. శ్రీకాకుళంలో చిన్న వ్యాపారాలకు రాతపని చేసిపెట్టే వ్యక్తిగా నేను అనుసరించే క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

అన్నిటికంటే ముందు విషయాన్ని ఎన్నుకోవాలి. చాలామంది "మా పప్పు శ్రేష్ఠమైనది, మా ధర తక్కువ" అని మొదలుపెడతారు. అది కరపత్రం. దానిని ఏ సంపాదకుడూ వేయడు, వేసినా ఎవరూ చదవరు. అందుకు బదులు రెండు వారాల పాటు ఫోనులోనూ వాట్సాప్‌లోనూ కొనేవారు అడిగే ప్రశ్నలను, వారు అన్న మాటల్లోనే, ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. గుండు (విరగని పూర్తి పప్పు) ధరకూ బద్ద (రెండుగా చీలిన పప్పు) ధరకూ అంత తేడా ఎందుకు, 240 అంటే ఏమిటి, 320 అంటే ఏమిటి, వానాకాలంలో పప్పు మెత్తబడకుండా దాచడం ఎలాగ, పిక్కను కాల్చి తీసిన పప్పుకూ ఉడికించి తీసిన పప్పుకూ రుచిలో తేడా ఉంటుందా వంటివి తప్పక వస్తాయి. ఒక్కొక్క ప్రశ్న ఒక్కొక్క వ్యాసమవుతుంది. రెండింటిని ఒకదానిలో కలిపితే రెండూ చెడతాయి.

ఉదాహరణకు అంకెల ప్రశ్ననే తీసుకుందాం. డబ్ల్యు 240 అన్న గుర్తులో డబ్ల్యు తెల్లని నిండు గుండును సూచిస్తుంది. అంకె ఒక పౌండుకు, అంటే సుమారు 454 గ్రాములకు, తూగే గుండ్ల గరిష్ఠ సంఖ్య. కనుక అంకె పెరిగిన కొద్దీ గుండు చిన్నదవుతుంది: 180 రకంలో ఒక్కొక్కటి దాదాపు రెండున్నర గ్రాములుంటే, 320 రకంలో ఒకటిన్నర గ్రాములకు కాస్త తక్కువగా ఉంటుంది. ఇంతవరకు చెప్పి వదిలేస్తే అది పట్టిక మాత్రమే. బహుమతి డబ్బాలో కంటికి ఇంపుగా ఉండాలంటే 180 లేదా 210 కొనాలనీ, ఉప్మాకూ పాయసానికీ బద్ద సరిపోతుందనీ, పొడి చేసి కూరలో కలిపేందుకు ముక్క చాలుననీ చెప్పినప్పుడే పాఠకుడికి ఒక నిర్ణయం చేతికి వస్తుంది. బద్ద చాలునని చెబితే గుండు అమ్మకం పడిపోతుందని వ్యాపారులు జంకుతారు. నా అనుభవంలో మాత్రం, తక్కువ ధర సరుకు చాలునని చెప్పిన అంగడికే పండుగనాడు గుండు కోసం ఫోను వస్తుంది.

పొరుగూరివారికి తెలియని సంగతులు మన దగ్గరున్నప్పుడు వాటిని వాడుకోవాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలోని జీడితోటలను కూల్చింది. నాటిన జీడిమొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది గనుక, కూలిన తోటల లోటు అన్నాళ్లూ ధరపై పడుతుంది. తోటకూ ధరకూ ఉన్న ఇటువంటి సంబంధాన్ని ఇక్కడివారు రాసినట్లు మరొకరు రాయలేరు.

వ్యాసం ఆరు వందల నుంచి ఎనిమిది వందల మాటల లోపు ఉంటే మంచిది. ఫొటోలు సొంతంగా తీయాలి. నాలుగు రకాల గుండ్లను రూపాయి బిళ్ల పక్కన పేర్చి తీసిన ఫొటో ఒక పేరా చేసే పని చేస్తుంది. జీడిపప్పు తింటే ఫలానా జబ్బు నయమవుతుందని మాత్రం రాయకూడదు. ఆహార పదార్థాలపై అటువంటి ప్రచారాన్ని 2018 నాటి ఆహార భద్రతా నిబంధనలు అనుమతించవు.

తెలుగులో రాసేవారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో (అచ్చు కోసం వాడే, యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లలో) కొట్టించిన వ్యాసాన్ని అలాగే సైటులో పెడితే సెర్చ్ ఇంజను దానిని తెలుగుగా గుర్తించలేదు. దానిని ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చి, మార్పిడిలో చెడిన వత్తులనూ దీర్ఘాలనూ ఓపికగా సరిచూడాలి. అలాగే జీడిపప్పు అనీ, జీడి పప్పు అని విడదీసీ, కాజు అనీ, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటనూ జనం వెతుకుతారు గనుక, సొంత సైటులోని పేజీలో ఈ రూపాలన్నీ సహజంగా ఒక్కొక్కసారి వచ్చేలా చూడాలి. వాటిని వరసగా గుప్పిస్తే చదివేవాడికి విసుగు పుడుతుంది.

పంపేటప్పుడు ఒక వ్యాసాన్ని ఒక్కచోటికే పంపాలి. ఒకప్పుడు ఎవరైనా వ్యాసాలు పడేసే డైరెక్టరీ సైట్లుండేవి. ఒకే వ్యాసాన్ని మాటలు అటూ ఇటూ మార్చి వందచోట్ల పెట్టేవారు. 2011 ఫిబ్రవరిలో గూగుల్ తన వెతుకులాట ఫలితాల వరసలో తెచ్చిన పాండా అనే మార్పు అటువంటి సైట్లను వెనక్కు నెట్టింది, 2012 ఏప్రిల్‌లో వచ్చిన పెంగ్విన్ అనే మరో మార్పు కృత్రిమ లింకుల పని పట్టింది. అయినా ఇప్పటికీ "వంద సైట్లలో వేయిస్తాం" అని ఫోను చేసేవారున్నారు. అలా డబ్బిచ్చిన ఒక మిత్రుడికి వంద లింకులు వచ్చాయి, ఒక్క బేరం రాలేదు.

సంపాదకుడికి రాసే ఉత్తరం ఐదారు వాక్యాలు మించకూడదు: వ్యాసం ఏ ప్రశ్నకు సమాధానమో, అది వారి పాఠకులకు ఎందుకు పనికివస్తుందో, మనకు ఆ వ్యాపారంతో ఉన్న సంబంధమేమిటో దాపరికం లేకుండా చెప్పాలి. మూడు వారాల్లో జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేసి, ఆపై మరొకచోటికి పంపవచ్చు.

లింకు ఒక్కటి చాలు. "ఉత్తమ పలాస జీడిపప్పు చవక ధర" వంటి మాటలకు లింకు తగిలించడం కంటే అంగడి పేరుకు తగిలించడం మేలు. ఆ లింకు సైటు మొదటి పేజీకి కాక, వ్యాసంలోని ప్రశ్ననే ఇంకా విపులంగా చర్చించే పేజీకి వెళ్లాలి. ఆ పేజీలో ఫోను నంబరు, చిరునామా, ఆహార లైసెన్సు సంఖ్య కనబడాలి. డబ్బిచ్చి వేయించిన వ్యాసమైతే ఆ సంగతి పాఠకుడికి తెలియజేయడంతో పాటు, లింకు కోడులో 'స్పాన్సర్డ్' (డబ్బిచ్చి పెట్టించినది) అన్న గుర్తు పెట్టమని సైటువారిని కోరాలి. 2019 నుంచి గూగుల్ ఆ గుర్తును గుర్తిస్తోంది.

ఏ వ్యాసం ఎందరిని పంపిందో తెలుసుకోవడానికి ప్రతి లింకు చివరా వేరువేరు యూటీఎం గుర్తు (వచ్చినవారు ఏ లింకు నుంచి వచ్చారో చూపే చిన్న మాట) చేర్చవచ్చు, గూగుల్ వారి సెర్చ్ కన్సోల్ అనే సాధనంలో ఏ మాటలతో వెతికి వచ్చారో చూడవచ్చు. వీటన్నిటికంటే సులువైనది, ఫోను చేసినవారిని "మా సంగతి ఎక్కడ చదివారండీ" అని అడిగి అదే నోటుబుక్కులో రాసుకోవడం. దీపావళి మిఠాయిల కోసం పప్పు వెతికేవారిని అందుకోవాలంటే వ్యాసం శ్రావణమాసం నాటికే వెలువడి ఉండాలి. ధరలను మాత్రం బయటికి పంపే వ్యాసంలో రాయకూడదు. అవి నెలనెలా మారతాయి, అచ్చయిన వ్యాసాన్ని మనం దిద్దలేము. వాటిని సొంత పేజీలోనే, తేదీ వేసి, ఉంచాలి.