ఎదిగిన ఎలుకలో నాచ్-1 పనిని పరీక్షించే పద్ధతి

తిరుపతిలో జీవశాస్త్రమో పశువైద్యమో చదువుతూ, రోగనిరోధక కణాల మీద తొలి ప్రాజెక్టు చేపట్టే విద్యార్థుల కోసం ఇది రాస్తున్నాను. ఎముక మజ్జలో పుట్టిన పూర్వకణాలు రక్తం ద్వారా ఛాతీలోని థైమస్ అనే అవయవం చేరి టి కణాలు అనే రోగనిరోధక కణాలుగా ఎదుగుతాయి. అక్కడి ఉపకళా కణాల మీద ఉండే డెల్టా లైక్-4 అనే ప్రోటీను తగిలినప్పుడు, పూర్వకణం పొరలోని నాచ్-1 ప్రోటీను తెగి, దాని లోపలి భాగం కేంద్రకంలోకి వెళ్లి జన్యువులను మేల్కొలుపుతుంది.

నాచ్-1 జన్యువు మొదటినుంచీ లేకపోతే ఎలుక పిండం గర్భంలోనే చనిపోతుంది కాబట్టి, దాన్ని పుట్టిన తర్వాతే తొలగించాలి. ఇందుకు, గుర్తుపెట్టిన నాచ్-1 జన్యువును కత్తిరించే క్రీ అనే ఎంజైము ఇంటర్‌ఫెరాన్‌కు స్పందించి తయారయ్యే ఎంఎక్స్-క్రీ ఎలుకలకు, ఇంటర్‌ఫెరాన్‌ను పుట్టించే పాలీ ఐసీ ఇంజెక్షన్ ఇస్తారు. అయితే పాలీ ఐసీ తానే థైమస్‌ను కుంగదీస్తుంది. అందుచేత క్రీ లేని తోబుట్టువు ఎలుకలకూ అదే మోతాదు ఇచ్చి, రెండు గుంపులనూ కొన్ని వారాలు ఆగి చూడాలి. ఈ పోలిక లేని ఫలితాన్ని నేనైతే నమ్మను. జంతు నైతిక సంఘం అనుమతి ముందే ఉండాలని వేరే చెప్పనక్కరలేదు.

వయసుతో థైమస్ కుంచించుకుపోతుంది కనుక ఆరు నుంచి ఎనిమిది వారాల ఎలుకలు మేలు. రొమ్ము ఎముక వెనుక, గుండెకు పైన రెండు తెల్లని తమ్మెలుగా అది కనిపిస్తుంది. దానికి ఆనుకొని ఉండే చిన్న శోషరస గ్రంథులను సూక్ష్మదర్శిని కింద జాగ్రత్తగా వేరుచేయాలి. ఎందుకంటే 1999లో ప్రచురితమైన ప్రయోగంలో, నాచ్-1 తొలగించిన ఎలుకల థైమస్‌లో టి కణాలు ఆగిపోయి, వాటి స్థానంలో బి కణాలు ఎదిగాయి. శోషరస గ్రంథుల్లోనూ బి కణాలు చాలానే ఉంటాయి కాబట్టి, ఒక్కటి కలిసినా లేని ఫలితం ఉన్నట్టు కనబడుతుంది. మన ఊరి వేసవిలో కణాలు త్వరగా చనిపోతాయి, జల్లెడ పట్టడం నుంచి రంగు కట్టేవరకూ గొట్టాలు మంచులోనే ఉండాలి.

కణాలను ఒక్కొక్కటిగా లేజర్‌తో పరీక్షించే ఫ్లో సైటోమీటర్‌లో, కణం పైపొర గుర్తులైన బి220, సీడీ4, సీడీ8 ఉన్న కణాలను పక్కనపెట్టి, మిగిలినవాటిలో తొలి దశలను తెలిపే సీడీ44, సీడీ25 గుర్తులు చూడండి. సీడీ44 మాత్రమే ఉన్న తొలి దశ దాటి, రెండూ ఉన్న దశకు కణాలు చేరకపోతే అడ్డు అక్కడే పడిందన్నమాట. టి కణాలు ఇంకా కొన్ని కనిపిస్తే తొందరపడి నాచ్-1 అవసరం లేదనుకోకండి. వాటినే వేరుచేసి పీసీఆర్‌తో పరీక్షించండి, జన్యువు తొలగకుండా తప్పించుకున్న కొద్ది కణాలే అలా పెరిగి ఉండవచ్చు.