అద్దె ఇల్లు, కౌలు పొలం: ఖాళీ చేయించడానికి ఎన్నాళ్లు?

రాజమండ్రిలో మేడ మీద వాటా ఖాళీ చేయించడానికీ, పెనుగొండ దగ్గర మూడెకరాల కౌలు పొలం వెనక్కి తీసుకోవడానికీ ఒకటే దారి అనుకుంటే మొదట్లోనే నెలలు పోతాయి.

నెలవారీ అద్దె ఇంటికి, కొట్టుకి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు చాలు. ఆ లెక్క నోటీసు అందిన రోజు నుంచి, రాసిన రోజు నుంచి కాదు. రిజిస్ట్రేషన్ జోడించిన స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపండి. తీసుకోకుండా తిప్పి పంపితే ఆ కవరు విప్పకుండా దాచండి, కోర్టులో అదే సాక్ష్యం. పట్టణంలో అద్దె నియంత్రణ కిందికొచ్చే భవనమైతే బకాయో, సొంత అవసరమో, అలాంటి మరో కారణమో చూపాలి, దారి కూడా వేరు. ఇది నోటీసుకు ముందే వకీలు దగ్గర తేల్చుకోండి.

ఎక్కువ కేసులు చెడేది ఇక్కడే: నోటీసు ఇచ్చాక కూడా ఫోన్‌పేలో అద్దె పడుతుంది, ఓనరు మాట్లాడకుండా ఊరుకుంటాడు. నోటీసు వదులుకున్నట్టేనని అవతలి వకీలు వాదిస్తాడు. డబ్బు వచ్చిన రోజే ‘ఇది అద్దె కాదు, వాడకానికి నష్టపరిహారం’ అని రాసి పంపండి.

దావా వేశాక ప్రతివాది జవాబుకు 30 రోజులు, కోర్టు అనుమతిస్తే 90 వరకు. తర్వాత సాక్ష్యాలు, వాయిదాలు. అసలు కాలం తినేది ఇవే, ఏళ్లు పట్టినా వింత లేదు. డిక్రీ మీద జిల్లా కోర్టులో అప్పీలుకు 30 రోజులు. అప్పటికీ కదలకపోతే ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేసి కోర్టు అమీనాతో (అమలు చేసే ఉద్యోగితో) స్వాధీనం తీసుకోవాలి. విసుగెత్తి తాళం వేశారా, అద్దెదారు ఆరు నెలల్లోగా దావా వేసి మళ్లీ లోపలికొస్తాడు.

పొలానిది వేరే కథ. 1956 ఆంధ్ర కౌలు చట్టంలో కనీస గడువు 6 ఏళ్లు. ఈలోగా తీసేయాలంటే గడువు దాటి నెలయినా కౌలు ఇవ్వకపోవడం, వేరొకరికి మారుకౌలుకివ్వడం, భూమి పాడుచేయడం వంటి కారణం ఉండాలి. స్పెషల్ ఆఫీసరుగా కూర్చునే జూనియర్ సివిల్ జడ్జి దగ్గర పిటిషన్ వేయాలి. కౌలు రైతుకిచ్చే కౌలు కార్డు మీద సంతకానికి ఓనర్లు జంకుతారు గానీ, 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద రాసే 11 నెలల ఒప్పందం పంటకే హక్కిస్తుంది, భూమికి కాదు. నోటిమాట కౌలుకే రుజువుండదు. సార్వాకి (ఖరీఫ్‌కి) ఇచ్చిన చేను దాళ్వాకీ (రబీకీ) వదలనంటే చూపడానికి కాగితం ఉండదు.

చేపల, రొయ్యల చెరువు లీజైతే పట్టుబడి (చేపలు, రొయ్యలు పట్టడం) అయ్యాక ఎన్ని రోజుల్లో మోటార్లు, ఏరియేటర్లు (నీటికి గాలి పట్టించే యంత్రాలు) తీయాలో, గట్లు ఎవరు సరిచేయాలో పత్రంలోనే రాయించండి.