ట్రెయిల్ కెమెరాలో జింకలు పడటం లేదా? ముందు ఇవి చూడండి

అడవిలో చెట్టుకు కట్టి వదిలేస్తే, ముందు జంతువు కదలగానే తనంతట తానే ఫొటో తీసేది ట్రెయిల్ కెమెరా. దాని గురించి ప్రతి ఆగస్టులోనూ నాకు ఇదే ఫోన్ వస్తుంది. "అన్నా, ఈసారి మన లీజులో (వేటకు అద్దెకు తీసుకున్న భూమిలో) జింకలే లేవు. కెమెరా మూడు వారాలు ఉంచాను, రకూన్లు తప్ప ఏమీ పడలేదు." నేను అడిగేది ఒక్కటే: "కెమెరా ముందు నేల చూశావా?" చూసి ఉండరు. కార్డు మార్చి, ట్రక్కెక్కి వచ్చేసి ఉంటారు.

మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం జింక వేట నేరం. నేను రాస్తున్నది టెక్సస్‌లో లైసెన్సు తీసుకుని వేటకు వెళ్లేవాళ్ల కోసం. ఇక్కడ తుపాకీ సీజన్ నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. ఏ బక్ (మగ జింక) ఏ దారిన, ఏ వేళకు తిరుగుతోందో వేసవిలోనే తెలుసుకోవాలి. కెమెరా తప్పు చెబితే స్టాండ్ (కూర్చుని కాపు కాసే మంచె) తప్పు చోట వేస్తాం, సీజనంతా ఖాళీ చెట్లను చూస్తూ కూర్చుంటాం. కెమెరా బిగించడం, మెనూ మార్చడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

పగటి ఫొటోలు ఉన్నాయి, రాత్రివి లేవు, లేదా నల్లగా వస్తున్నాయి

బ్యాటరీలు. మెనూలో ఇంకా సగం చూపిస్తోంది కదా అనకండి. రాత్రి ఫ్లాష్‌కు పగటి కంటే చాలా ఎక్కువ కరెంటు కావాలి, నీరసించిన ఆల్కలైన్ సెల్స్ అక్కడే చేతులెత్తేస్తాయి. మామూలు రీచార్జబుల్ సెల్ 1.2 వోల్టులే ఇస్తుంది. ఎనిమిది వేస్తే 12 రావాల్సిన చోట 9.6 వస్తుంది. లిథియం సెల్స్ ఖరీదే, కానీ చివరిదాకా ఒకేలా పనిచేస్తాయి. పాతవీ కొత్తవీ మాత్రం కలపకండి.

వేల ఫొటోలు, అన్నీ ఖాళీ

ఎదురుగా గడ్డి ఊగుతోంది, లేదా కెమెరా తూర్పుకో పడమరకో చూస్తూ ఎండ నేరుగా పడుతోంది. గడ్డి కోసి, ఉత్తరం వైపు తిప్పండి. అంతే. చాలామంది ఈ పని మానేసి సెన్సిటివిటీని 'లో'కి (తక్కువకు) తగ్గిస్తారు. కింద చెప్పబోయే అసలు కష్టం చాలాసార్లు అక్కడే మొదలవుతుంది.

నేల మీద గిట్టల గుర్తులున్నాయి, కార్డులో జింక లేదు

కెమెరాలోని సెన్సర్ జింకను చూడదు. వేడిలో తేడాను చూస్తుంది. వెనక ఉన్న చెట్లూ నేలా ఒక వేడిలో ఉండి, వాటి ముందు నుంచి వేరే వేడిలో ఉన్నదేదైనా కదిలితేనే ఫొటో తీస్తుంది. జనవరి చలిలో జింక ఒళ్లు దానికి దీపంలా కనిపిస్తుంది. ఆగస్టు సాయంత్రం సంగతి వేరు. హిల్ కంట్రీలో (టెక్సస్ మధ్యనున్న కొండల ప్రాంతం) గాలే 38 డిగ్రీలు ఉంటుంది, ఎండకు కాలిన గ్రానైటు బండలు సాయంత్రానికీ చల్లారవు. జింక ఒంటి లోపలి వేడీ ఇంచుమించు 38, 39 డిగ్రీలే. ఇక తేడా ఎక్కడుంది? పదిహేను అడుగుల దూరంలో జింక నిలబడి మొక్కజొన్న తింటున్నా కెమెరా కదలకపోవచ్చు. పెట్టె మీద పట్టే దూరం 80 అడుగులని రాసి ఉన్నా, అది ఈ ఎండలకు వర్తించదు.

ఇది తెలియక నేనొక సీజన్ పోగొట్టుకున్నాను. లానో దగ్గర లీజులో, వాగు పక్క కెమెరాలో జూలై, ఆగస్టు రెండు నెలలూ అర్ధరాత్రి దాటాక తీసిన ఫొటోలే ఉన్నాయి. ఇక్కడి జింకలు రాత్రిపూటే తిరుగుతాయని తేల్చుకుని స్టాండ్‌ను దూరంగా మార్చేశాను. మరుసటి ఆగస్టులో అదే చోట మధ్యాహ్నం కెమెరాను వాక్ టెస్ట్‌లో (కదలికను పట్టుకుంటే ఎర్రలైటు వెలిగే సెట్టింగ్) పెట్టి, దాని ముందు నుంచి నాలుగుసార్లు అటూ ఇటూ నడిచాను. ఎర్రలైటు ఒక్కసారీ వెలగలేదు. మర్నాడు తెల్లవారాక అదే దారిలో నడిస్తే ఇరవై అడుగుల దూరంలోనే వెలిగింది. కెమెరాకు నేనే కనిపించనప్పుడు జింక ఎలా కనిపిస్తుంది?

అందుకే ముందు నేలను అడగండి. కెమెరా ముందు మట్టిని సీడర్ కొమ్మతో నున్నగా ఊడ్చి వచ్చేయండి. మర్నాడు గుర్తులను, ఫొటోలను పక్కపక్కన పెట్టి చూడండి. గుర్తులుండి ఫొటో లేకపోతే తప్పు కెమెరాది.

అప్పుడు సెన్సిటివిటీ 'హై'కి మార్చండి. కెమెరాను దారికి 12, 15 అడుగుల దగ్గరికి తెచ్చి, జింక ఛాతీ ఎత్తులో, అంటే సుమారు మూడడుగుల్లో కట్టండి. వెనక ఎండ తగిలే బండ కాకుండా నీడనున్న పొదలు ఉండేలా చూడండి. జింక కెమెరా మీదికి నడిచి వచ్చేలా కాకుండా, దాని ముందు నుంచి అడ్డంగా దాటేలా పెట్టడం అన్నిటికన్నా ముఖ్యం. ఎదురుగా వచ్చేదాన్ని ఈ సెన్సర్ ఆలస్యంగా పట్టుకుంటుంది. మన నల్లమలలో పులుల లెక్కకు దారికి రెండు పక్కలా, అడ్డంగా చూసేలా కెమెరాలు కడతారు. అక్కడ పులి రెండు పక్కల చారలూ కావాలి కాబట్టి అలా కడతారు, కానీ ఆ పద్ధతి మనకూ పనికొస్తుంది.

ఇంత చేసినా నమ్మకం కుదరకపోతే టైమ్‌ల్యాప్స్ పెట్టండి. తెల్లవారేటప్పుడు రెండు గంటలు, పొద్దుగూకేటప్పుడు రెండు గంటలు, రెండు నిమిషాలకొకటి. రోజుకు 120 ఫొటోలు. దీనికి సెన్సర్‌తో పనే లేదు. కార్డు తిరగేయడానికి ఓపిక కావాలి, కానీ వెల్వెట్ కొమ్ములతో (నూగు చర్మం ఇంకా ఊడనివి) ఉన్న బక్ వెలుగులోనే తిరుగుతోందో లేదో చాలావరకు తెలుస్తుంది.

ఫొటో ఉంది, టైము నమ్మేలా లేదు

ఏఎం, పీఎం తారుమారై ఉంటుంది. బ్యాటరీ మార్చినప్పుడల్లా చూసుకోండి. టెక్సస్‌లో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకానే కాల్చడానికి అనుమతి, కాబట్టి గంట తేడా కూడా చిన్నది కాదు. సీజన్ మొదలయ్యే రోజుల్లోనే గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి, అదీ గుర్తుంచుకోండి.

మిగతావి

కార్డు పక్కన లాక్ బటన్ పడి ఉండొచ్చు, సరిచేసి కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. లెన్స్ మీద సాలెగూడు ఉంటే తుడవండి. లోపల ఎర్రచీమలు గూడు పెడితే దులిపి, ఆరబెట్టి చూడండి. సెన్సర్ నిజంగా పాడవడం చాలా అరుదు. అనుమానంగా ఉంటే చల్లటి ఉదయం పూట వాక్ టెస్ట్ పెట్టి దాని ముందు నడవండి. అప్పుడూ ఎర్రలైటు వెలగకపోతేనే కొత్త కెమెరా కొనండి.