ఎకోలో ఊపిరితిత్తుల ప్రెషర్ ఎక్కువని వస్తే, థైరాయిడ్ కూడా చూపించుకోండి

వరంగల్‌లో ఎకో (గుండె స్కాన్) టెక్నీషియన్‌గా పనిచేస్తాను. మెట్లెక్కితే ఆయాసం, ఊరికే దడ, సాయంత్రానికి పాదాల వాపు అంటూ నా దగ్గరకొచ్చేవాళ్ళు ముందుగా చెప్పే మాట ఒకటే: "బీపీ నార్మలే అన్నారమ్మా." చేతికి పట్టీ చుట్టి చూసే బీపీ వేరు, గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తులకు వెళ్ళే రక్తనాళంలోని ప్రెషర్ వేరు. ఈ రెండోది పట్టీకి అందదు.

ఎకో రిపోర్టు చివర 'మైల్డ్ పీఏహెచ్' అనో 'మోడరేట్ పీఏహెచ్' అనో (ఈ ఊపిరితిత్తుల ప్రెషర్ ఎక్కువని అర్థం) ఉంటే అక్కడితో ఆగకండి. పైన టీఆర్ వెలాసిటీ అనే అంకె వెతకండి; గుండె కుడివైపు వాల్వు గుండా రక్తం వెనక్కి లీకయ్యే వేగం అది. సెకనుకు 2.8 మీటర్లు దాటకుండా, కుడి గుండె మామూలుగా ఉంటే ప్రెషర్ పెరిగి ఉండే అవకాశం తక్కువ. 3.4 దాటితే అనుమానం గట్టిదే. మధ్యలో ఉంటే కుడి గదుల సైజు వంటి మిగతా గుర్తులు కలిపి డాక్టరు తేలుస్తారు. మా మెషిన్ ఇచ్చేది అంచనా. ఖాయం చేసేది గుండెలోకి సన్నని గొట్టం పంపి చేసే క్యాథెటర్ పరీక్ష; అందులో సగటు ప్రెషర్ 20 ఎంఎం హెచ్‌జీ దాటితే పల్మనరీ హైపర్‌టెన్షన్ అంటారు. 2022 యూరోపియన్ మార్గదర్శకాల లెక్క అది, పాత రిపోర్టుల్లో హద్దు 25.

అంకె ఎక్కువగా ఉంటే టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 అనే థైరాయిడ్ రక్తపరీక్షలు చేయించాలా అని డాక్టరును అడగండి. థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైతే గుండె నిమిషానికి పంపే రక్తం పెరుగుతుంది, ఆ రక్తమంతా ఊపిరితిత్తుల గుండానే వెళ్ళాలి. థైరాయిడ్ ఎక్కువవడానికి కారణమయ్యే గ్రేవ్స్ వ్యాధిలో ఊపిరితిత్తుల రక్తనాళాల లోపొర కూడా దెబ్బతింటుందని అనుమానం. నేను ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. కార్బిమజోల్ వంటి మందులతో థైరాయిడ్ అదుపులోకి వచ్చాక చాలామందిలో ఈ ప్రెషర్ దిగుతుంది. దిగే అవకాశమున్న కారణాన్ని వెతక్కుండా వదిలేయడం అన్యాయం. థైరాయిడ్ తక్కువ ఉన్నవాళ్ళలోనూ ఈ ప్రెషర్ కనిపిస్తుంది. టీఎస్‌హెచ్ అంకె పెరిగిందంటే సాధారణంగా థైరాయిడ్ తక్కువ పనిచేస్తోందని అర్థం. ఇక్కడ చాలామంది తారుమారు చేసుకుంటారు.

జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే ల్యాబ్‌లో చెప్పండి, అంకెలు తప్పుగా రావచ్చు. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపమంటారు.

థైరాయిడ్ తక్కువగా ఉందని థైరాక్సిన్ రాస్తే పరగడుపున మంచినీళ్ళతోనే వేసుకోండి. టీ, టిఫిన్ అరగంట నుంచి గంట ఆగాక. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. కార్బిమజోల్ వాడుతుండగా జ్వరం, గొంతునొప్పి వస్తే మామూలు జలుబులే అనుకోవద్దు. మాత్ర ఆపి అదే రోజు డాక్టరును కలిసి తెల్లకణాల పరీక్ష చేయించండి. దడ తగ్గడానికి ఇచ్చే ప్రొప్రనొలాల్ వంటి మాత్రలు కుడి గుండె బలహీనపడినవాళ్ళకు అన్నివేళలా సరిపడవు. అందుకే థైరాయిడ్ డాక్టరుకు ఎకో రిపోర్టు, గుండె డాక్టరుకు థైరాయిడ్ రిపోర్టు చూపించాలి. ఒకే ఫైల్లో పెట్టుకుని వెళ్ళండి.

థైరాయిడ్ అంకెలు కుదురుకున్నాక ఎకో మళ్ళీ తీయించండి. వీలైతే అదే సెంటర్‌లో, పాత రిపోర్టు చేతిలో పెట్టుకుని. పాత అంకె ముందుంటే పోల్చి చూడటం మాకు తేలిక. ప్రెషర్ ఇంకా దిగకపోతే థైరాయిడ్ మీదే నెపం పెట్టి కూర్చోవద్దు: గుండె ఎడమవైపు ఉండే మైట్రల్ వాల్వు, ఊపిరితిత్తుల జబ్బు, రక్తం గడ్డలు, గురకతో నిద్రలో ఊపిరి ఆగడం, అన్నీ చూడాలి. ఊపిరితిత్తుల ప్రెషర్‌కు ఇప్పటికే మందులు వాడుతూ ఉన్నట్టుండి ఆయాసం పెరిగినవాళ్ళు కూడా థైరాయిడ్ పరీక్ష అడగండి.

కళ్ళు తిరిగి పడిపోయినా, కూర్చున్నచోటే ఊపిరి అందకపోయినా, దగ్గులో రక్తం పడినా ఈ రిపోర్టుల కోసం ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి.