పాత ట్యాంకులు, బలమైన శత్రువు: 4వ పాఠం – మాటు దూరం కొలవడం

గత పాఠం చివర ఒక పని చెప్పాను. స్టీల్ పాంథర్స్: మెయిన్ బ్యాటిల్ ట్యాంక్ అనే కంప్యూటర్ యుద్ధ గేమ్‌లో భారత్ తరఫున 1965 సెప్టెంబర్‌తో కాంపెయిన్, అంటే వరుస యుద్ధాల ఆట, తెరవమన్నాను. అందులో మూడు షెర్మన్ ట్యాంకుల ట్రూప్ ఒకటి తీసుకుని, మొదటి యుద్ధం ఆడకుండానే సేవ్ చేసి పక్కన పెట్టమన్నాను. ఈ రోజు కూడా ఆ సేవ్ జోలికి వెళ్లొద్దు. ముందు గేమ్‌లోని మ్యాప్ ఎడిటర్‌లో వేరేగా ఒక చిన్న మైదానం తయారు చేసుకుని మన షెర్మన్లను పరీక్షిద్దాం.

కాంపెయిన్‌లో పోయిన ట్యాంకును పాయింట్లు పెట్టి తిరిగి తెచ్చుకోవచ్చు. దానితో పాటు పోయిన సిబ్బంది అనుభవం మాత్రం తిరిగి రాదు. నాలుగైదు యుద్ధాల్లో రాటుదేలిన ఒక షెర్మన్ సిబ్బంది, కొత్తగా వచ్చిన ఇద్దరితో సమానం. నా మొదటి కాంపెయిన్‌లో ఈ పరీక్షలేవీ చేయకుండా నేరుగా యుద్ధంలోకి దిగాను. మొదటి రోజే ట్రూప్ మొత్తం పోయింది. ఎందుకు పోయిందో కింద చెబుతాను, ఈ పాఠానికి అసలు కారణం అదే.

ముందు అంకెలు చూద్దాం. ఇక్కడ పదో తరగతి త్రికోణమితి పనికొస్తుంది.

వాలుగా ఉన్న కవచానికి గుండు ఎదురుగా తగిలితే, అది దాటాల్సిన మందం పలక అసలు మందం కంటే ఎక్కువ. పలక మందాన్ని వాలు కోణం కొసైన్‌తో భాగిస్తే ఆ మందం వస్తుంది. 76 మి.మీ. గన్ ఉన్న షెర్మన్‌లో ముందు పలక 64 మి.మీ., నిలువు నుంచి 47 డిగ్రీల వాలు. భాగిస్తే 94 మి.మీ. దాకా వస్తుంది. ఎదురుగా ఉన్న పాకిస్తాన్ ట్యాంకు ఎం47 ప్యాటన్‌కు ముందు పలక 102 మి.మీ., వాలు 60 డిగ్రీలు. కొసైన్ 60 అంటే సగం కాబట్టి రెట్టింపు అవుతుంది: 204 మి.మీ. ప్యాటన్లలోనే తర్వాతి రకమైన ఎం48కి 110 మి.మీ. పలక, అదే వాలు, అంటే 220.

మన 76 మి.మీ. గన్ మామూలు కవచభేదక గుండు 500 గజాల దగ్గర, 30 డిగ్రీల వాలులో ఉన్న పలకను 93 మి.మీ. దాకా చీలుస్తుంది. 1000 గజాల దగ్గర 88. ఆ 204 ముందు ఈ 93 ఏ మూలకు? కొండను పొట్టేలు ఢీకొన్నట్టే. ప్యాటన్ 90 మి.మీ. గన్‌కు మాత్రం మన 94 పెద్ద అడ్డు కాదు.

కానీ ఎం47 పక్క భాగం చూడండి. ముందు వైపు 76 మి.మీ., ఇంజన్ వైపు 51. అక్కడ మన 88 చాలు, 1000 గజాల నుంచి కూడా. షెర్మన్ పాతది అవుతున్నది ప్యాటన్ ముఖం ముందు మాత్రమే. పక్కకు వచ్చేసరికి రెండూ ఒకదాన్నొకటి చంపగలవు. ఈ ఒక్క సంగతి మీద మన కాంపెయిన్ అంతా నడుస్తుంది.

పాత 75 మి.మీ. గన్ షెర్మన్ తీసుకున్నవాళ్లు ఒకటి గమనించాలి. ఆ గన్ 500 గజాల దగ్గర 66 మి.మీ. దాకానే చీలుస్తుంది. ప్యాటన్ పక్క భాగంలో కూడా వెనక సగమే మీకు దొరుకుతుంది. కుదిరితే 76కు మారండి.

గేమ్‌లో ట్యాంకు మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే కార్డులోని అంకెలు నేను చెప్పినవాటిలాగే ఉండవు, వాటి కొలమానం వేరు. ముందు, పక్క, వెనక అంకెల మధ్య తేడా ఎంత ఉందో చూసి నోట్‌బుక్‌లో రాసుకోండి.

ఇక మైదానం. ఎడిటర్‌లో చదునైన మ్యాప్ తీసుకోండి. మధ్యలో నిలువుగా ఒక రోడ్డు, దాని చివర విజయపు గడులు పెట్టండి. కంప్యూటర్ ఆటగాడు ఆ గడుల కోసం వస్తాడు కాబట్టి ప్యాటన్లు ఎటు నడుస్తాయో ముందే తెలుస్తుంది. ప్యాటన్లు మూడు, షెర్మన్లు మూడు. ప్రిఫరెన్సెస్‌లో గురి, ట్యాంకు దృఢత్వం లాంటి శాతాలన్నీ రెండు వైపులా 100 దగ్గరే ఉండాలి. మెసేజ్‌లు నెమ్మదిగా వచ్చేలా సమయం పెంచుకోండి, ప్రతి దెబ్బ ఎక్కడ తగిలిందో చదవాలి. సిబ్బంది అనుభవం మీ కాంపెయిన్‌లో ఎంత ఉందో ఇక్కడా అంతే పెట్టండి. చాలామంది ఈ మాట మర్చిపోతారు. ఆరితేరిన సిబ్బందితో పరీక్ష చేసి, కొత్తవాళ్లతో యుద్ధానికి వెళ్తే ఆ పరీక్ష దేనికీ కొరగాదు.

బలగాలను నిలబెట్టిన చోటే సేవ్ చేయండి. ప్రతి పరీక్షా ఆ సేవ్ నుంచే మొదలవ్వాలి. ఒక్కసారి ఆడి నిర్ణయానికి రావద్దు. గేమ్‌లో పాచికల పాత్ర ఉంది, కనీసం పదిసార్లు ఆడాలి. ఒకసారికి ఒక్క విషయమే మార్చండి. దూరం మారిస్తే కోణం మార్చొద్దు, కోణం మారిస్తే సిబ్బందిని మార్చొద్దు.

మొదటి పరీక్ష ఎదురెదురుగా, 20 గడుల దూరంలో. ఒక గడి 50 మీటర్లు కాబట్టి అది కిలోమీటరు. ఇది ఓడిపోవడానికే ఆడండి. మన గుండ్లు తగిలినా ప్యాటన్ ముందు పలక మీద ఆగిపోవడం మెసేజ్‌లో కళ్లారా చూడాలి. రెండు మూడుసార్లు చూస్తే చాలు, ఇక కాంపెయిన్‌లో ఎదురుగా వెళ్లాలన్న ఆలోచన మీకే రాదు.

రెండో పరీక్షే అసలు పాఠం. షెర్మన్‌ను రోడ్డుకు పక్కగా, చెట్ల మధ్య నిలబెట్టండి. రోడ్డు నుంచి ఎంత దూరంలో? మాటు దూరం అంటే అదే.

దగ్గరైతే మంచిదని అందరూ అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. లెక్క వేస్తే అలా కాదు. గుండు పక్క పలకకు సూటిగా తగలాలి. పక్కకు 30 డిగ్రీలు దాటి ఏటవాలుగా తగిలితే చీల్చే అవకాశం పడిపోతుంది. అంటే మీ షెర్మన్‌కు సరిగ్గా ఎదురుగా ఉన్న రోడ్డు బిందువు నుంచి అటు 30 డిగ్రీలు, ఇటు 30 డిగ్రీలు మాత్రమే మీ కిటికీ. టాన్ 30 దాదాపు 0.58. రోడ్డుకు 10 గడుల దూరంలో ఉంటే అటు ఆరు, ఇటు ఆరు, మొత్తం 12 గడుల రోడ్డు మీ చేతిలో ఉంటుంది. 4 గడుల దూరంలో ఉంటే మొత్తం ఐదు గడులు కూడా రావు. వేగంగా వచ్చే ప్యాటన్ ఆ ఐదు గడులనూ ఒక్క టర్న్‌లోనే, అంటే తన ఒక్క వంతులోనే, దాటేస్తుంది. పైగా దగ్గరగా ఉన్నవాడిని త్వరగా పసిగడతారు. 20 గడుల దూరానికి వెళ్తే కిటికీ 23 గడులకు పెరుగుతుంది, కానీ గురి శాతం తగ్గిపోతుంది. కొత్త సిబ్బందికైతే మరీ తగ్గుతుంది.

కాబట్టి 6, 8, 10, 12, 15 గడులు, ఒక్కో దూరంలో పదేసిసార్లు ఆడండి. నోట్‌బుక్‌లో మూడు గళ్లు చాలు: మొదటి గుండు తగిలిందా, చీల్చిందా, తిరిగి దెబ్బ తిన్నామా. నా కొత్త సిబ్బందికి 8 నుంచి 10 గడుల మధ్య కుదిరింది. మీకు వేరేగా రావచ్చు. వచ్చిన అంకెను నమ్మండి, నా అంకెను కాదు.

ఇక్కడ ఒక అమరిక తప్పనిసరి. శత్రువు టర్న్‌లో మన ట్యాంకు తనంతట తాను ఎంత దూరం దాకా కాల్చాలో మనమే పెట్టవచ్చు. దాన్ని మీ మాటు దూరానికి ఒక గడి ఎక్కువగా పెట్టండి, అంతకు మించి వద్దు. నా మొదటి కాంపెయిన్‌లో ట్రూప్ పోయింది ఈ అమరిక పెట్టకపోవడం వల్లే. చెట్లలో చక్కగా దాక్కున్న షెర్మన్, 22 గడుల దూరంలో కనిపించిన ప్యాటన్ ముఖం మీద కాల్చింది. గుండు ఆగిపోయింది. మూడు ప్యాటన్లూ ఒకేసారి అటు తిరిగాయి. తర్వాతి టర్న్‌కి నా దగ్గర కాలుతున్న మూడు ట్యాంకులు మిగిలాయి.

అమరిక సరిగ్గా పెట్టాక ఒక పరీక్ష ఎలా సాగిందో చూడండి. రోడ్డుకు ఎడమవైపు 9 గడుల దూరంలో ఒక షెర్మన్, కుడివైపు అంతే దూరంలో ఇంకొకటి. మూడోది వెనక రిజర్వులో. మొదటి ప్యాటన్‌ను పోనిచ్చాను. అప్పుడు టెన్షన్ మామూలుగా ఉండదు, వేలు మౌస్ మీదే ఉంటుంది. రెండోది కిటికీలోకి రాగానే ఎడమ షెర్మన్ కాల్చింది. మొదటి గుండు తప్పింది, రెండోది ఇంజన్ పక్కన చీల్చింది. ముందుకెళ్లిన ప్యాటన్ టరెట్‌తో పాటు ఒళ్లంతా ఎడమవైపు తిరిగింది. తిరగగానే దాని పక్కా వెనకా రెండో షెర్మన్ ముందుకు వచ్చాయి. ఎటు తిరిగినా ఒకరికి పక్కో వెనకో చూపించక తప్పదు. అందుకే మాటులో కనీసం ఇద్దరుండాలి, రోడ్డుకు చెరో వైపు.

ఈ ఆకారం ఎక్కడో విన్నట్టుందా? 1965 భారత్-పాకిస్తాన్ యుద్ధంలో సెప్టెంబర్ 8 నుంచి 10 దాకా పంజాబ్‌లోని అసల్ ఉత్తర్‌లో మన సైన్యం చేసింది ఇదే. ఖేమ్‌కరణ్ నుంచి వెనక్కి వచ్చిన 4వ మౌంటెన్ డివిజన్ గుర్రపు నాడా ఆకారంలో రక్షణ ఏర్పాటు చేసుకుంది. పొలాలకు నీళ్లు వదిలారు. బురదలో చిక్కుకున్న ప్యాటన్లు, ఎత్తుగా పెరిగిన చెరుకు మధ్య దారి తప్పిన ప్యాటన్లు పక్కలు చూపించాయి. సెంచూరియన్లతో 3వ కావల్రీ, ఏఎంఎక్స్-13 తేలిక ట్యాంకులతో 8వ లైట్ కావల్రీ, షెర్మన్లతో 9వ డెక్కన్ హార్స్ వాటి కోసం కాచుకుని ఉన్నాయి. జీపు మీద అమర్చిన 106 మి.మీ. రీకాయిల్‌లెస్ గన్‌తో ప్యాటన్లను కొట్టి అక్కడే ప్రాణాలిచ్చిన హవల్దార్ అబ్దుల్ హమీద్‌కు పరమవీర చక్ర వచ్చింది. దెబ్బతిన్నవీ పట్టుబడినవీ కలిపి 97 పాకిస్తాన్ ట్యాంకులని మనవైపు లెక్క. వాటిని భిఖివిండ్ దగ్గర వరుసగా నిలబెడితే ఆ చోటికి ప్యాటన్ నగర్ అన్న పేరు వచ్చింది.

డెక్కన్ హార్స్ అన్న పేరు దగ్గర మనం కాస్త ఆగాలి. హైదరాబాద్ నిజాం రాజ్యంలోని హైదరాబాద్ కంటింజెంట్ గుర్రపు దళాల్లో ఆ రెజిమెంట్ మూలాలున్నాయి. 1965లో దాన్ని నడిపించిన లెఫ్టినెంట్ కల్నల్ అరుణ్ వైద్యకు మహావీర చక్ర వచ్చింది, తర్వాత ఆయన సైన్యాధిపతి అయ్యారు. ఈ కాంపెయిన్‌కు నేను షెర్మన్లనే ఎంచుకోవడానికి కారణం ఆ రెజిమెంటే.

మూడో పరీక్షకు నీళ్లు చేర్చండి. రోడ్డుకు రెండు వైపులా బురద గడులు వేసి, మాటు దూరం అలాగే ఉంచి మళ్లీ పదిసార్లు ఆడండి. ఇరుక్కుపోయిన ప్యాటన్ మీద తొందరపడొద్దు. దాని గన్ ఇంకా పనిచేస్తుంది, టరెట్ తిరుగుతుంది. రిజర్వులో ఉన్న మూడో షెర్మన్‌ను దాని చూపుకు దూరంగా చుట్టూ తిప్పి వెనకకు తీసుకెళ్లండి. కదిలిన టర్న్‌లో గురి పడిపోతుంది కాబట్టి చేరిన టర్న్‌లో కాల్చొద్దు. ఒక టర్న్ ఆగి, నిలకడగా కాల్చండి.

వచ్చే పాఠానికి మూడు పరీక్షల గళ్లూ నిండి ఉండాలి. అప్పుడు పక్కన పెట్టిన కాంపెయిన్ సేవ్ తెరుద్దాం. మొదటి యుద్ధం డిఫెండ్ (మనం కాపాడుకోవాల్సిన రకం) అని వస్తే మ్యాప్ మీద రోడ్లు వెతికి, ప్రతి రోడ్డుకూ మీ అంకె ప్రకారం అటూ ఇటూ గీతలు గీసి ఉంచండి. ట్యాంకులను ఎక్కడ పెట్టాలో అక్కడి నుంచి మొదలుపెడతాను.